కమర్షియల్ కాంప్లెక్స్‌కి సెప్టిక్ ట్యాంక్ – నల్లరేగడి నేల, కాంట్రాక్టర్ రింగులు దింపితే చాలంటున్నాడు, ఏం చేయాలి?

పల్నాడు_అబ్బాయి:
అందరికీ నమస్కారం అండి. మాది పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. మెయిన్ రోడ్డు మీద నాన్నగారికి 10 సెంట్ల స్థలం ఉంటే అందులో జీ ప్లస్ 2 కాంప్లెక్స్ కడుతున్నాం, రెండో స్లాబ్ పడింది. కింద నాలుగు షాపులు, ఒక టిఫిన్ హోటల్ (40 సీట్లు అంటున్నారు), మొదటి అంతస్తులో ఫైనాన్స్ ఆఫీసు, పళ్ళ డాక్టర్, పైన కోచింగ్ సెంటర్, వాళ్ళకి 120 మంది పిల్లలు వస్తారంట. ఊళ్ళో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు, రోడ్డు పక్కన సైడు కాలువ ఒక్కటే.

కాంట్రాక్టరేమో వెనకాల ఖాళీలో 6 అడుగుల సిమెంట్ రింగులు 15 అడుగుల లోతు దింపి మూత పెట్టేద్దాం, బజార్లో అందరూ చేసింది అదే, మీరొక్కళ్ళే ఇంత ఆలోచిస్తున్నారు అంటున్నాడు. నాకు మాత్రం భయంగా ఉందండి, ఎందుకంటే మా ఎదురు కాంప్లెక్స్ వాళ్ళది కూడా అలాగే దింపారు, కట్టి రెండేళ్ళు కాలేదు, పోయిన వానాకాలం మూత సందుల్లోంచి పైకి తన్ని మెట్ల దాకా వచ్చింది, మందుల షాపాయన రోజూ పొద్దున్నే బ్లీచింగ్ చల్లుకుని షట్టర్ తీసేవాడు. పైగా మా వెనక ఇంటివాళ్ళ బోరు మేం రింగులు దింపుదామనుకున్న చోటికి గట్టిగా 30 అడుగులు కూడా లేదు, వాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు.

ఎంత సైజు కట్టాలి, ఎలా కట్టాలి, తర్వాత ఎలా చూసుకోవాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నాన్న రోజూ అంటున్నారు.

సైటు_ఇంజనీర్:
ముందుగా ఒకటి, మీ కాంట్రాక్టర్ చెప్పేది సెప్టిక్ ట్యాంకే కాదండి, అది ఇంకుడు గుంత. సెప్టిక్ ట్యాంక్ అంటే చుక్క కూడా కారకుండా కట్టిన తొట్టి, అందులో మురుగు ఒక రోజంతా కదలకుండా నిలబడాలి, బరువున్నది అడుగుకి దిగి మడ్డి అవుతుంది, నూనె లాంటివి పైకి తేలి తెట్టు కడతాయి, మధ్యలో కాస్త తేరుకున్న నీళ్ళు మాత్రమే బయటికి పోవాలి. మడ్డిని గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా మెల్లగా అరిగిస్తుంది. బయటికి వచ్చిన నీళ్ళు కూడా శుభ్రమైనవేం కాదు, వాటిని ఎక్కడికి పంపుతారు అన్నది రెండో సగం, మన దగ్గర చాలామంది ఈ రెండో సగం గురించి ఆలోచించరు.

సైజు లెక్క చూద్దాం. మన ఐఎస్ 1172 (ఎవరికి ఎన్ని నీళ్ళు కావాలో చెప్పే భారతీయ ప్రమాణం) ప్రకారం ఆఫీసుకి మనిషికి రోజుకి 45 లీటర్లు, పగటి బడికీ అంతే, హోటల్‌కి సీటుకి 70. మీకు పిల్లలు 120, ఆఫీసు షాపులు క్లినిక్ అన్నీ కలిపి ఒక 40 మంది అనుకుంటే 160 ఇంటూ 45, అంటే 7,200. హోటల్ 2,800. మొత్తం రోజుకి 10 వేల లీటర్లు. ఒక రోజు నీళ్ళు నిలవాలి, మడ్డికి ఇంకో అంత చోటు కావాలి కాబట్టి నేనైతే 19 వేల లీటర్లకి కడతాను. లోపల కొలతలు 16 అడుగుల పొడవు, 7 వెడల్పు, నీళ్ళ లోతు 6, దాని మీద ఇంకో అడుగు ఖాళీ. వెడల్పుకి పొడవు రెండింతల నుంచి నాలుగింతల మధ్య ఉండాలని ఐఎస్ 2470లో (సెప్టిక్ ట్యాంకుల ప్రమాణం) ఉంటుంది, చదరంగా కడితే ఇటు వచ్చిన నీళ్ళు అటు వెంటనే పోతాయి. మధ్యలో అడ్డగోడ, మొదటి గది మూడింట రెండు వంతులు, అంటే 10 అడుగుల 8 అంగుళాలు. ఆ గోడకి బెజ్జాలు నడిమి లోతులో పెట్టాలి, పైన పెడితే తెట్టు దాటిపోద్ది, కింద పెడితే మడ్డి దాటిపోద్ది. లోపలికి వచ్చే పైపుకీ బయటికి పోయే పైపుకీ రెంటికీ టీ (ఇంగ్లీషు T ఆకారపు పైపు ముక్క) తప్పనిసరి, వచ్చే పైపు పోయేదానికన్నా 2 అంగుళాలు పైన. బాత్రూముల నుంచి వచ్చే 4 అంగుళాల లైనుకి 5 అడుగులకి అంగుళం వాటం ఇవ్వమనండి, డాబా మీది వాన పైపుల్ని మాత్రం చచ్చినా ఇందులో కలపనివ్వకండి. ఒక్క పెద్ద వానకి లోపల ఉన్న మడ్డంతా కదిలి బయటికి కొట్టుకొస్తుంది, మీ ఎదురింటాయనది అదే అయ్యుండొచ్చు.

నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, ఇటుక గోడ అయితే ఆ నెట్టుడికి పగులుద్ది, అందుకే మీకు ఆర్‌సీసీ గోడలే. లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ అయ్యాక ఔట్‌లెట్ దాకా నీళ్ళు నింపి ఒక రోజు నాననిచ్చి, మళ్ళీ నింపి గోడ మీద పెన్సిల్ గీత పెట్టి మర్నాడు చూసుకోండి, దిగిందంటే కారుతున్నట్టే, మట్టి పూడ్చకముందే తెలియాలి. ట్యాంక్‌లో పుట్టే గ్యాస్ బయటికి పోయే పైపు బిల్డింగ్ కన్నా ఇంకో 6 అడుగులు పైకి ఉండాలి, పైన దోమల జాలీ.

నీళ్ళు ఇంకే చోటుకీ తాగే బోరుకీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగులు. మీకున్నది 30. కాబట్టి ఆ చోట రింగులు వద్దే వద్దు.

ఇప్పుడు నేల సంగతి. జేసీబీతో ఒక గుంత తీయించి నల్లమట్టి ఎంత లోతు ఉందో, కింద గరుసు తగులుతుందో లేదో చూడండి. తగిలితే ఆ లోతులో జానెడు వెడల్పు చిన్న గుంత, అడుగున 2 అంగుళాలు గులకరాళ్ళు వేసి రాత్రంతా నీళ్ళు నిలిపి, పొద్దున 6 అంగుళాలు నీళ్ళు పోసి స్కేలు పెట్టి అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. అది చెప్తే మిగతాది చెప్తాను.

నర్సంపేట_హాల్:
అన్నా నమస్తే, మాకు నర్సంపేట దిక్కు ఫంక్షన్ హాల్ ఉంది, నువ్వు హోటల్ అన్నవ్ కాబట్టి చెప్తున్న, జెర శ్రద్ధగ విను. మేం కట్టినప్పుడు వంటశాల నీళ్ళు, అంట్లు కడిగే నీళ్ళు అన్నీ సీదా సెప్టిక్ ట్యాంక్‌లకే ఇడిసినం. మొదటి ఏడాది ఏం గాలె. రెండో ఏడాది మాఘమాసంల వరుసగ నాలుగు పెండ్లీలు, నాలుగో పెండ్లి నాడు అన్నాల టైంకి లేడీస్ టాయిలెట్ల కెల్లి నీళ్ళు ఎనుకకు తన్నినయి. ఆడపిల్ల తండ్రి నా చెయ్యి పట్టుకొని ఏందన్నా ఇది అన్నడు, ఆ మాట నాకు ఇప్పటికీ యాదికొస్తది, మా ఇంట్ల పెండ్లైనట్టే సిగ్గైంది.

తెల్లారి ట్యాంకర్ పిలిపించి మూత తీస్తే, పైన తెల్లగ జానెడు మందం నూనె గడ్డ, కట్టెతో పొడిస్తే దిగుతలేదు. పైపు టీ లోపట అంతా అదే, కొబ్బరి నూనె చలికాలం గడ్డకట్టినట్టు. దానితోని ఇస్తరాకు ముక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు, ప్యాడ్లు.

తర్వాత వంటశాల లైన్ మొత్తం ఏరు చేసినం. బయట ఒక గ్రీజు ట్రాప్ కట్టించినం, రెండు అరల చిన్న తొట్టి, దానికి ముందు ఒక జాలీ బుట్ట. నూనె మొదటి అరల చల్లారి పైకి తేలుతది, కింది కెల్లి నీళ్ళు అవతలికి పోతయి. ప్రతి ఫంక్షన్ అయినంక మా పోరడు పొడుగు గంటెతోని పైన నూనె తీసి డబ్బల పోస్తడు, బుట్ట దులుపుతడు, పావుగంట పని. నీ హోటల్ రోజూ నడుస్తది, పొద్దున దోశ పెనం, పునుగుల నూనె, మినప్పిండి గిన్నెలు కడిగిన నీళ్ళు, అవన్నీ పోతయి కాబట్టి వారానికి రెండు సార్లన్న తీయాలె. కిరాయి అగ్రిమెంట్‌ల రాయించు అన్న, గ్రీజు ట్రాప్ కడుగుడు హోటలోల్ల పని అని, నోటిమాటతోని ఎవ్వలు చెయ్యరు.

ఇంకోటి, మా ఊడ్చే అమ్మ యాసిడ్, ఫినాయిల్ సీసాలకు సీసాలు కుమ్మరిస్తుండె, గట్ల పోస్తే లోపట మడ్డిని తినే పురుగు చచ్చిపోతది, ట్యాంక్ తొందరగ నిండుతది. ఇప్పుడు సబ్బు పొడి, బ్రష్ మాత్రమే ఇస్తున్న. మీ ఎదురింటి మందుల షాపాయన బ్లీచింగ్ సల్లుడు కూడ గంతే, వాసన ఒక పూట పోతది, లోపల పని ఆగుతది.

భీమవరం_వాసి:
చిన్న మాట అండి. మీది మెట్ట ప్రాంతం కాబట్టి నీళ్ళు లోతుగా ఉంటాయి, మాకు వానాకాలం రెండు గడ్డపార పోట్లు వేస్తే నీళ్ళు ఊరతాయి. మా అన్నయ్యవాళ్ళ షాపుల దగ్గర రెడీమేడ్ ఫైబర్ ట్యాంక్ పెట్టించారు, శ్రావణంలో మొత్తం ఖాళీ చేయించి మూత పెట్టి వదిలేశారు, మర్నాటికి పడవలాగా పైకి తేలి పైపులన్నీ ఊడిపోయాయి. ఇది చదివే డెల్టా వాళ్ళెవరైనా ఉంటే వానల్లో మొత్తం ఖాళీ చేయించకండి, కింద కాంక్రీట్ బెడ్‌కి బెల్టులతో బిగించండి.

పల్నాడు_అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇంజనీర్ గారు, మీరు చెప్పినట్టే జేసీబీ పెట్టించాను. స్థలం రోడ్డు వైపు మూల, వెనక బోరుకి టేపు పెట్టి కొలిస్తే 85 అడుగులు వచ్చింది. పైన 9 అడుగులు నల్లమట్టి, తర్వాత పసుపు గరుసు. రాత్రి నీళ్ళు నింపి పొద్దున స్కేలు పెట్టి నేనే కూర్చున్నాను, నాన్న సెల్‌ఫోన్‌లో టైం చూశారు, మూడు సార్లు చూస్తే అటూఇటూగా 15 నిమిషాలకి అంగుళం దిగింది. కాంట్రాక్టర్ చూసి బాగా పీలుస్తోంది కదా ఇంక రింగులు దింపేద్దాం అంటున్నాడు. దింపేయొచ్చా?

సైటు_ఇంజనీర్:
మీరే కూర్చుని చూసుకున్నందుకు చాలా సంతోషం అండి, చాలామంది ఇది చెప్తే నవ్వుతారు.

15 నిమిషాలంటే నేల మంచిదే, కానీ లెక్క చూడండి. ఆ వేగానికి మన స్టాండర్డ్‌లో చదరపు మీటరుకి రోజుకి 52 లీటర్లు మాత్రమే వదలమంటారు, అంటే చదరపు అడుగుకి 5 లీటర్ల లోపే. మంచి నీళ్ళు ఇంకే వేగం వేరు, మురుగు నీళ్ళు వేరు, రోజులు గడిచేకొద్దీ గోడ మట్టికి జిగురు పొర పట్టుకుంటుంది. మీ 6 అడుగుల రింగుల గుంతలో నల్లమట్టి 9 అడుగులు పనికిరాదు, కింద గరుసులో ఉన్న 6 అడుగులే పీలుస్తాయి, నీళ్ళు ఒక 5 అడుగులు నిలుస్తాయనుకుంటే చుట్టుగోడ 94 చదరపు అడుగులు, దానికి రోజుకి 450 లీటర్లు. మీకు వచ్చేది 10 వేలు. అలాంటి గుంతలు 20కి పైగా కావాలి. ఒక్కటి దింపితే ఏమవుతుందో మీ ఎదురుగుండానే చూశారు కదా.

అందుకని నా సలహా ఇది. సెప్టిక్ ట్యాంక్ నేను చెప్పిన కొలతలతోనే, రోడ్డు వైపు మూలలో. దాని వెనకే ఇంకో తొట్టి, దాన్ని అప్‌ఫ్లో ఫిల్టర్ అంటారు, నీళ్ళు అడుగు నుంచి వచ్చి కంకర మధ్యలోంచి పైకి ఎక్కి బయటికి పోతాయి, ఆ కంకరకి పట్టే పాచిలో బ్యాక్టీరియా మిగిలిన మురికిని తింటుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, అప్పుడప్పుడు కంకర కడగాలి అంతే. దాని తర్వాత కొంత నీళ్ళు గరుసులో ఒకటి రెండు గుంతలకి, మిగతాది పంచాయతీ దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకుని కాలువకి. పర్మిషన్ లేకుండా చాటుగా పైపు కలపకండి, రేపు ఎవరో ఒకరు కంప్లైంట్ పెడితే మీ అద్దెలన్నీ ఆగిపోతాయి. కాలువకి వదలనివ్వం అంటే అప్పుడు చిన్న ప్యాకేజీ ఎస్‌టీపీ, అంటే రెడీమేడ్ మురుగునీటి శుద్ధి ప్లాంట్, ఆలోచించాలి, అది పని చేస్తుంది కానీ రోజూ కరెంటు, గాలి కొట్టే బ్లోయరు, చూసుకునే మనిషి కావాలి, మనిషిని పెట్టలేనప్పుడు అది కొన్నా ఒకటే కొనకపోయినా ఒకటే.

నీళ్ళు తగ్గించడం కూడా చూడండి. రెండు బటన్ల ఫ్లష్, నొక్కి వదిలితే ఆగిపోయే పంపులు పెడితే కోచింగ్ సెంటర్ దగ్గరే చాలా తేడా వస్తుంది.

ట్యాంకర్_డ్రైవర్_కృష్ణా:
నేను 11 ఏళ్ళ నుంచి సెప్టిక్ ట్యాంకర్ నడుపుతున్నాను సార్, కృష్ణా జిల్లా. పెద్దవాళ్ళు లెక్కలు చెప్పారు, నేను మూత గురించి చెప్తాను.

మేం వెళ్ళే సగం చోట్ల మూత ఎక్కడుందో ఓనర్‌కే తెలీదు. టైల్స్ వేసేసి ఉంటారు, లేదా దాని మీద జనరేటర్ పెట్టేస్తారు. మీరు రెండు గదులకీ విడివిడిగా మూతలు పెట్టండి, వచ్చే పైపు టీ మీద ఒకటి, పోయే పైపు టీ మీద ఒకటి, మా బండి రోడ్డు మీద ఆగితే పైపు అందేలా. మీ ట్యాంక్ 19 వేలంటున్నారు, నా బండి 5 వేల లీటర్లు, నాలుగు ట్రిప్పులు పడతాయి. నిండి పొర్లేదాకా ఆగకండి, రెండేళ్ళకోసారి తీయించండి, ఈలోపు ఆరు నెలలకోసారి పొడవాటి కర్రకి తెల్లటి తువ్వాలు గుడ్డ చుట్టి అడుగు దాకా దించి తీస్తే మడ్డి ఎంత ఎత్తు పట్టిందో గుడ్డ మీద నల్లగా కనిపిస్తుంది, మూడో వంతు దాటితే ఫోన్ చేయండి. అడుగున కొంచెం మడ్డి వదిలేయమని మాతో చెప్పండి, అది పెరుగులో తోడు లాంటిది. కొత్త ట్యాంక్‌కి కూడా ముందు నీళ్ళు నింపి, బాగా మురిగిన పేడ కాస్త కలిపి వదలండి. తీసింది ఎక్కడ పోస్తున్నావయ్యా అని కూడా అడగండి, సిగ్గుపడక్కర్లేదు. నాలాంటి వాళ్ళలోనే రాత్రిపూట చెరువు గట్టు మీద వదిలేసేవాళ్ళున్నారు. వరంగల్ లాంటి చోట మడ్డిని శుద్ధి చేసే ప్లాంట్ ఉంది, మీకు దగ్గర్లో ఏముందో మున్సిపాలిటీలో కనుక్కోండి.

ఇక అసలు సంగతి. ఎవర్నీ లోపలికి దించొద్దు సార్. ఒకసారి ఒక లాడ్జి దగ్గర పైపు ఇరుక్కుంటే, వాచ్‌మన్ కొడుకు, ఇరవై ఏళ్ళుంటాయేమో, నేను దిగుతానన్నా అని చొక్కా విప్పేశాడు. మూత తీసి గంటైంది, వాసనే లేదు అన్నాడు. ఆ వాసన లేకపోవడమే ప్రమాదం, లోపల ఉండే విష గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలీదు, రెండు ఊపిరులు పీల్చేసరికి పడిపోతారు, పైకి లాగుదామని దిగినవాడు కూడా పోతాడు. నేను వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు, ఓనర్ నా మీద అరిచాడు, డబ్బులివ్వనన్నాడు, ఇవ్వకపోయినా పర్లేదు అన్నాను. ఆ కుర్రాడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, కనపడితే ఆగి టీ ఇప్పిస్తాడు.

మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ ఏమీ లేకుండా మనిషిని ట్యాంక్‌లోకి దించడం నేరం, మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. 2023లో సుప్రీంకోర్టు చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలంది. కాంట్రాక్టర్ దించాడు నాకు తెలీదు అంటే కుదరదు. ఫోన్ పడిపోయినా, బంగారం పడిపోయినా దించొద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు వాటర్ బోర్డు నంబర్ 14420కి చేస్తే బండి వస్తుంది, ఊళ్ళల్లో మున్సిపాలిటీనో మాలాంటి వాళ్ళనో పిలవండి, ఏదైనా ఇరుక్కుంటే పైనుంచే నీళ్ళ ప్రెషర్ కొట్టి తీస్తాం.

పల్నాడు_అబ్బాయి:
అన్నా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను, ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కాంట్రాక్టర్‌ని పిలిచి రింగులు వద్దు, ఇంజనీర్ గారు చెప్పినట్టే కట్టు, కుదరకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాం అని చెప్పేశారు. ఒప్పుకున్నాడు. హోటల్ వాళ్ళతో గ్రీజు ట్రాప్ మాట అగ్రిమెంట్‌లో పెట్టిస్తున్నాం, పంచాయతీలో అర్జీ ఇచ్చాం, కార్యదర్శి గారు సోమవారం వచ్చి చూస్తానన్నారు. ట్యాంక్ మీద పార్కింగ్ టైల్స్ వేద్దామని డ్రాయింగ్‌లో ఉంటే తీసేయించాను. మూతలు ఎలాంటివి పెట్టించాలి అన్నా, కాంక్రీటా ఇనుపవా?

ట్యాంకర్_డ్రైవర్_కృష్ణా:
బండ్లు ఎక్కే చోటైతే బరువు మోసే ఇనుప మూత, ఫ్రేమ్‌తో సహా దొరుకుతుంది. బండ్లు రాకపోతే కాంక్రీట్ చాలు, రెండు పక్కలా కొక్కేలు పెట్టించండి, పలుగు పెట్టి లేపితే అంచులు పగిలి సందు పడుద్ది. ఏదైనా సరే తాళం పడేలా చూడండి తమ్ముడూ, పైన కోచింగ్ పిల్లలు ఉంటారు కదా, ఇంటర్వెల్‌లో దాని మీదే ఆడతారు. తాళంచెవి హోటల్ వాళ్ళ దగ్గర వద్దు, మీ ఇంట్లో పెట్టుకోండి.